గుత్తయు గడియయు: కంభము–మార్కాపురము సీమలో పనివేళలను గూర్చిన వివాదము

పని చేయించుకొనువాడు పనివానియొద్ద కొనునది పనియా, ప్రొద్దా? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా గన్పట్టును. కాని చెఱువులు త్రవ్వి, బావులు దించి, రాళ్ళు చీల్చి బ్రదికినవారి చరిత్రమంతయు దీని చుట్టును తిరిగినది. పనిని గుత్తకు పుచ్చుకొన్న మేస్త్రికిని, ఆ పనిని ఒప్పగించిన యజమానికిని నడుమ పుట్టిన తగవులలో అధికభాగము వేళను గూర్చినవే. గుత్తదారుడు తాను పనిని మాత్రమే అమ్మితినని యెంచును. సొమ్మిచ్చినవాడు మనుష్యుల ప్రొద్దును గూడ కొంటినని తలంచును. ఈ రెండు తలంపుల యొరపిడిని కంభము, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల ఆధారముగా పరిశీలించుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా పరిశోధక విద్యార్థుల కొఱకు ఒక మాట. పశ్చిమ ప్రకాశమని వ్యవహరింపబడిన ఈ భూభాగము 1970 వఱకు కర్నూలు జిల్లాలోనిది. ఆ యేట ఒంగోలు జిల్లా యేర్పడినప్పుడు ఇది అందు చేరెను. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టబడెను. కావున పందొమ్మిదవ శతాబ్దపు ఆధారములను ఒంగోలు, నెల్లూరు, గుంటూరుల పత్రములలో వెదకినచో శ్రమ వృథా యగును. 1886లో నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారు ప్రకటించిన కర్నూలు జిల్లా మాన్యుయలు మొదలగువాని యందే ఈ సీమ ముచ్చటలు దొరకును.

నేలను చూచిననే యిచ్చటి వృత్తుల కారణము తెలియును. పడమట నల్లమల, తూర్పున వెలిగొండలు, నడుమ గుండ్లకమ్మ. అడుగున పలకరాయి. 1872లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగు కడప, కర్నూలు శిలావిన్యాసములను వర్ణించుచు ఈ రాతిపొరలకు కంభము పేరే పెట్టెను. వాన తక్కువ, నేల గట్టిది. నీరు కావలెనన్న కట్ట వేయవలెను, లేదా రాయి పగులగొట్టి బావి దింపవలెను. రెండును సేద్యగానికి ఒంటిగా సాధ్యములు కావు. ఎక్కడనుండియో వచ్చి, కొలత ప్రకారము త్రవ్వి, లెక్క చూచుకొని వెడలిపోవు జనసమూహము ఒకటి ఈ సీమకు ఆదినుండియు అవసరమైయుండెను.

కంభము చెఱువును చూచినవారికి ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మ దూరిపోవు ఇఱుకున సుమారు 57 అడుగుల యెత్తున కట్ట వేసి, దాదాపు 15 చదరపు మైళ్ళ జలాశయమును నిర్మించిరి. గజపతుల ఆడుబిడ్డయు కృష్ణదేవరాయల దేవియు నగు వరదరాజమ్మ దీనిని కట్టించెనని స్థలజ్ఞులు చెప్పుదురు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఈ చెఱువును వారసత్వ కట్టడముగ గుర్తించినది. కట్టించిన రాణి పేరు నిలిచినది. మట్టి మోసినవారు ఎందఱో, ఎన్నాళ్ళు మోసిరో, ఏ యేర్పాటుపై మోసిరో చెప్పు పలుకు ఆ చెఱువు విషయమున మనకు మిగులలేదు.

అదృష్టవశమున గిద్దలూరునకు దక్షిణమున, కడప సీమలోని పోరుమామిళ్ళ చెఱువు శాసనము ఈ లోటును కొంత తీర్చును. శకవర్షము 1291, అనగా క్రీ.శ. 1369 నాటి యీ సంస్కృత శాసనము మొదటి బుక్కరాయల పుత్రుడగు భాస్కర భవదూరునిది. ఎపిగ్రాఫియా ఇండికా పదునాల్గవ సంపుటమున సుఖ్‌ఠంకరుగారు దీనిని పరిష్కరించిరి. చెఱువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఆఱు దోషములను చెప్పుటచేత ఇది ప్రసిద్ధి కెక్కినది. పండితులు ఆ భాగమునే తఱచుగా ఉదాహరింతురు. నా దృష్టికి మఱియొక భాగము ముఖ్యము. దినమునకు వేయిమంది పనివారు చెఱువు కట్టపై పనిచేసిరనియు, తూము, గోడల రాతిపనికి నూఱు బండ్లు నడచెననియు, పని ముగియుటకు రెండేండ్లు పట్టెననియు ఆ శాసనము చెప్పుచున్నది. ఇందు తలల లెక్క యున్నది, బండ్ల లెక్క యున్నది, ఏండ్ల లెక్క యున్నది. దినమున ఎన్ని గడియలన్న లెక్క లేదు. శాసనకవి మఱచెనని కాదు. ఆ కాలమున అట్టి లెక్కకు ప్రసక్తియే లేదు. పనివాని దినము సూర్యునిది. దానిని ముక్కలుగ కోసి అమ్ముట అప్పటి కింకను పుట్టలేదు.

ఇట భాషాసాక్ష్యమును తడవుట మన శాఖకు తగినపని. గుత్త యను మాట ద్రావిడ భాషలలో వ్యాప్తి గలది. తమిళమున కుత్తగై, కన్నడమున గుత్తిగె. ఒక నిర్ణీత ఫలమునకు ఒక నిర్ణీత మొత్తమును ముడివేయుట దీని యర్థము. భూమి గుత్త, సాయరు గుత్త, కల్లు గుత్త, బావి గుత్త అనునప్పుడు అన్నింటను ఇదియే సూత్రము. లోపల ఎట్లు చేసెదవన్న ప్రశ్న గుత్తలో లేదు. కూలి వేఱు, అది దినమునకు కట్టిన వెల. జీతము మూడవది. ఏడాదికి కుదిరిన జీతగానికి వేళ యనునదే లేదు. కోడికూత మొదలు పసులకు మేత వేయుట, పగలు మడకపట్టుట, రాత్రి కళ్ళమున కావలి పండుకొనుట అన్నియు అతని పనులే. వెట్టి నాలుగవది. సంస్కృత విష్టి శబ్దభవమగు దీనియందు వెలయు లేదు, వేళయు లేదు. ఈ నాలుగు మాటలను వరుసగా పెట్టి చూచినచో, తన ప్రొద్దుపై పనివానికి గల హక్కు ఏ మాటలో ఎంత మిగిలినదో తేటపడును. గుత్తలో అది అధికము. గుత్తను కోరుకొన్నవారు లాభమునకే కోరిరనుట సగము నిజము మాత్రమే.

కాలము కొలుచు మాటలును గమనింపదగినవి. ఏడున్నర గడియలు జాము. ఇరువదినాలుగు నిమిషములు గడియ. ఇవి జ్యోతిష్కులకును, దేవాలయ పరిచారకులకును కావలసినవి. పొలమున చెల్లినవి ప్రొద్దుపొడుపు, అంబటివేళ, మిట్టమధ్యాహ్నము, ప్రొద్దుగ్రుంకు, దీపముల వేళ. పూట యనునది వీనిలో పెద్ద కొలత. గంట యన్న మాట మ్రోగు వస్తువునకు పేరు. అది కాలమానమై నిలిచిన చరిత్రలో ఎవరో ఒకరు దానిని మ్రోగించువారు ఉన్నారని మఱువరాదు. మేస్త్రి పోర్చుగీసు వారినుండి వచ్చినాడు, మస్టరును కంట్రాక్టును ఇంగ్లీషువారినుండి వచ్చినవి. గుత్త మాత్రము మనది.

ఈ గుత్తపనిలో ప్రసిద్ధులు వడ్డెవారు. ఓఢ్రదేశమునుండి వచ్చుటచే ఆ పేరు కలిగెనని సంప్రదాయము. మట్టిపని చేయువారు మన్ను వడ్డెలు, రాతిపని చేయువారు రాతి వడ్డెలు. 1800–1801 సంవత్సరములలో మైసూరు రాజ్యమున సంచరించిన బుకానను వీరిని తెలుగు జాతిగ పేర్కొని, కాలువలు, బావులు, చెఱువులు త్రవ్వుట, బాటలు వేయుట, ఉప్పు ధాన్యముల వర్తకము వీరి వృత్తులని వ్రాసెను. 1871 నాటి మద్రాసు జనాభా నివేదిక యింకను స్పష్టము. వీరు గుంపులుగ గుత్తకు పని పుచ్చుకొందురనియు, ముసలివారు పసివారు తప్ప అందఱును పనిలో పాలుపంచుకొందురనియు, మగవారు గునపము పార పట్టగా ఆడువారు తట్టలతో మన్ను మోయుదురనియు, బిడ్డలను గుడ్డలలో ముడిచి చెట్లకొమ్మలకు ఉయ్యెలలుగ కట్టుదురనియు అందు కలదు. 1909లో థర్‌స్టను తన గ్రంథమున ఈ వర్ణననే తిరిగి ఉదాహరించెను. ఆ నివేదికను సిద్ధపఱచినవాడు డాక్టరు కార్నిషు. ఈ పేరు మఱల మనకు తటస్థింపగలదు.

దినకూలికి వడ్డెవారు సామాన్యముగ ఒప్పుకొనరన్న మాట ఆనాటి వర్ణనలలో తఱచు వినవచ్చును. దీనికి తోడు, కూలి ముట్టగనే త్రాగి పండుకొందురనియు, సొమ్మున్నంత వఱకు పనిలోనికి రారనియు నిందలు కలవు. ఈ నిందలు ఏ మూలనుండి వచ్చుచున్నవో గమనింపవలెను. వ్రాసినవారు పని చేయించుకొన్నవారు, లేదా వారి మిత్రులు. నాలుగు దినములు రాత్రింబవళ్ళు మన్ను మోసి, ఐదవనాడు గుడిసెలో పండుకొన్నవానిని ఐదవనాడు మాత్రమే చూచినవాడు సోమరి యనును. గుత్తలో ఆ ఐదవదినము పనివాని సొత్తు. దానిని ఎట్లు గడుపవలెనో నిర్ణయించుట యజమాని చేతిలో లేదు. అతని కోపమునకు అసలు కారణ మిదియే యని నా నమ్మకము.

గుత్త నడచు తీరు నెఱిగినగాని ఈ తగవు బోధపడదు. రైతు గాని, గ్రామాధికారి గాని, ఇంజనీరు గాని గుంపు పెద్దతో మాటాడును. మట్టిపనికి ఘనపు కొలత, బావికి నిలువు లోతు ప్రమాణము. మన్నెంత దూరము మోయవలెను, ఎంత యెత్తు ఎక్కింపవలెను అన్నవానిని బట్టి ధర మాఱును. గుంటలు త్రవ్వునప్పుడు నడుమ నడుమ త్రవ్వని మట్టిదిమ్మలను విడిచిపెట్టుదురు. తొలుత నేల యెంత యెత్తున నుండెనో చెప్పు సాక్షులు అవియే. పని ముగిసిన పిదప ఆ దిమ్మల యెత్తును కొలిచి లెక్క కట్టుదురు. ఈ యేర్పాటులో గడియారమునకు చోటు లేదు; దిమ్మయే గడియారము. బావిలో మన్ను ముగిసి రాయి తగిలినప్పుడు తగవు మొదలగును. మన్ను ధరకే రాయి కూడ కొట్టవలెనని యజమాని. రాతికి వేఱుధర కావలెనని పెద్ద. ధర మాఱదన్నచో ఆ నష్టము వేళలలోనికి పోవును, అనగా అదే సొమ్మునకు గుంపు అధికకాలము పనిచేయవలసివచ్చును. అయుక్తమైన పనివేళ ఎల్లప్పుడును ఆజ్ఞరూపమున రాదు. తఱచు అది కొలతలోను, ధరలోను దాగి వచ్చును.

న్యాయమైన తొందరయు లేకపోలేదు. తుఫానులో కట్ట తెగబోవుచున్నదన్నప్పుడు రాత్రి దివిటీల వెలుగున మన్నుపోయుటకు ఏ గుంపును వెనుదీయలేదు. ఊరెల్ల వచ్చును. ఇట్టి ఆపత్కాలమును, యజమాని తీరికలేమిని ఒకే గాటకట్టరాదు. నేడును కంట్రాక్టులలో అత్యవసర మన్న మాట ఎంత సులభముగ వాడబడుచున్నదో యెఱిగినవారికి ఈ భేదము యొక్క విలువ తెలియును.

గుంపు పెద్దకు గల బలమొక్కటే: గుడిసెలెత్తుకొని వెడలిపోవుట. వడ్డెగుడిసె తేనెతుట్టె యాకారమున తేలికగ కట్టినది. దానిని విడుచుటకు పూట చాలును. ఈ బలమును విఱుచునది బయానా. సొమ్ము ముందుగ పుచ్చుకొనినవాడు వెడలిపోజాలడు. ఈ చిక్కు ప్రాచీనమే. జీతము పుచ్చుకొని పని విడుచువాడు దానికి రెట్టింపు చెల్లింపవలెనని యాజ్ఞవల్క్యుని శాసనము. ఆ స్మృతి వ్యాఖ్యను కేతన పదుమూడవ శతాబ్దమున విజ్ఞానేశ్వరీయముగ తెనిగించెను. కాని స్మృతిలో దండన ధనరూపమైనది. ఇంగ్లీషు ప్రభుత్వమువారి 1859 నాటి పదుమూడవ చట్టము ఒక అడుగు ముందునకు వేసెను. బయానా పుచ్చుకొని పనిచేయని పనివానిని మేజిస్ట్రేటు ఎదుట నిలిపి, సొమ్ము తిరిగి చెల్లింపుమనియో, పని చేయుమనియో ఆజ్ఞ పొందవచ్చును. ఆజ్ఞ మీఱినచో మూడు మాసముల వఱకు కఠినశిక్ష. స్వయముగ చేయుటకు ఒప్పుకొన్న పనికే కాక, ఇతరులచే చేయించుటకు ఒప్పుకొన్న పనికిని చట్టము వర్తించెను. అనగా గుంపు పెద్దయు దాని వలలో పడెను. 1872 నాటి ఒప్పందముల చట్టము సమానులైన ఇరుపక్షముల వ్యవహారమును సివిలు న్యాయస్థానమునకు విడిచెను. మట్టి మోయువాని వ్యవహారము మాత్రము 1925లో ఆ పాత చట్టము రద్దుకు శాసనమగు వఱకు క్రిమినలు వ్యవహారముగనే నిలిచెను. యజమాని మాట తప్పినచో దావా; పనివాడు తప్పినచో చెఱసాల. ఇట్టి తూనికలో వేళను గూర్చి బేరమాడుట ఎంతవఱకు సాధ్యమో పాఠకులే యూహింపగలరు.

ఇక 1876–78 నాటి కఱవు. కర్నూలు జిల్లా ఆ కఱవున మిక్కిలి నలిగిన జిల్లాలలో నొకటి. ఊళ్ళు విడిచి జనులు సహాయపు పనులకు చేరిరి. బాటలకు కంకర కొట్టుట, చెఱువుల పూడికతీయుట ప్రధానములైన పనులు. తొలుత మద్రాసు ప్రభుత్వమువారు మగవానికి దినమునకు రెండణా లిచ్చిరి. 1877 ఆరంభమున భారత ప్రభుత్వ ప్రతినిధిగ వచ్చిన సర్ రిచర్డు టెంపులు దానిని ఒక పౌను ధాన్యమును, అర్ధణాయును కొనగల మొత్తమునకు తగ్గించెను. ఇదియే చరిత్రలో టెంపులు కూలి యనబడినది. దీని నెదిరించినవాడు మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టరు కార్నిషు, అనగా ఆఱేండ్లకు ముందు జనాభా లెక్కలలో వడ్డెవారి గుంపుపనిని వర్ణించిన పుస్తకమును సమకూర్చినవాడు. పనిచేయు దేహమునకు ఆ పౌను చాలదనియు, చెఱసాలలో శ్రమచేయు ఖైదీకి ఇంతకంటె ఎక్కువ ముట్టుచున్నదనియు ఆయన వాదించెను. విలియం డిగ్బీ 1878లో ప్రకటించిన గ్రంథమున ఈ వాదప్రతివాదములు విపులముగ కలవు. 1877 వేసవి నాటికి మద్రాసు ప్రభుత్వమువారు కూలిని పెంచవలసివచ్చెను.

ఈ ఘట్టమును సాధారణముగ ఆహారచరిత్రగ చదువుదురు. వేళల చరిత్రగ గూడ చదువవలెను. సహాయపు పనిలో కొలతయు ఉన్నది, హాజరును ఉన్నది. గుత్తలో కొలత ముగిసినచో మనుష్యుడు స్వతంత్రుడు. కూలిలో ప్రొద్దు గ్రుంకినచో స్వతంత్రుడు. ఇట కొలత నింపవలెను, ప్రొద్దుగ్రుంకువఱకు నిలువవలెను. రెండింటి బరువును ఒకనిపైనే పడినది. వెడలిపోవుదు ననుటకు గుడిసె యెత్తుకొని పోవుచోటు లేదు. బొంబాయి రాజధానిలో ఇదే సంవత్సరమున తగ్గించిన కూలిని నిరసించి వేలకొలది జనులు సహాయపు పనులను విడిచిరనియు, పూనా సార్వజనిక సభవారు వారి పక్షమున విన్నపములు పంపిరనియు మనకు తెలియును. కర్నూలు సీమలో అట్టి విన్నపములు వ్రాసిపెట్టు సభ లేదు. మౌనమును సమ్మతిగ చదువుట చరిత్రకారునికి తగదు.

1880 నాటి కఱవు కమిషను తరువాత వెలసిన నియమావళులు త్రవ్వకపు వృత్తిలో ఆఱితేరినవారిని ఇతరులనుండి వేఱుచేసి, కొలతను మనుష్యుని బలమును బట్టి నిర్ణయింప జూచెను. అంతవఱకు మంచిదే. ఐనను ఇందొక చమత్కారము కలదు. ప్రభుత్వమువారు ఈ వర్గీకరణముచే వడ్డెవాని నేర్పును గుర్తించిరి, కాని ఆ నేర్పు నిలిచిన యేర్పాటును, అనగా పని ముగించి వెడలిపోవు హక్కును, గుర్తింపలేదు.

కఱవు మిగిల్చిన పెద్ద కట్టడము రైలుదారి. ధాన్యము కఱవుసీమకు చేరుటకు వలసినదిగ భావింపబడిన బళ్ళారి–కృష్ణ మీటరుగేజి దారి 1880–90 నడుమ గుంతకల్లునుండి నంద్యాల మీదుగ నల్లమలను దాటి గిద్దలూరు, కంభము, మార్కాపురముల ప్రక్కగ బెజవాడ వైపు సాగెను. సదరన్ మహారాట్టా రైల్వే దానిని నడపెను. నంద్యాలకును గిద్దలూరునకును నడుమ బొగద సొరంగమును, లోయపై దొరబావి వంతెనయు ఈ దారిలో కష్టతమమైన పనులు. మీటరుగేజి పోయి పెద్దగేజి వచ్చిన పిదప పాత వంతెన పనిలేనిదయ్యెను. బొగద యను ఊరిపేరునకు కారణము అడిగిన పిల్లవాడును చెప్పును. పని చేసినవారి పేళ్ళు ఎవరును చెప్పలేరు.

రైలుపనిలో యజమానికిని త్రవ్వువానికిని నడుమ మెట్లు పెరిగెను. కంపెనీ, ఇంజనీరు, పెద్ద కంట్రాక్టరు, చిన్న కంట్రాక్టరు, మేస్త్రి, గుంపు. పైనున్నవాడు వేళలను గూర్చి ఒక్కమాటయు పలుకడు. అతడు గడువు పెట్టును. ఫలానా తేదీకి వంతెన స్తంభము లేవవలెను, లేకున్న జుర్మానా. ఒప్పందముల చట్టము 55వ సెక్షను ప్రకారము గడువు ఒప్పందమునకు ప్రాణమైనచో, అది తప్పినప్పుడు ఒప్పందమునే త్రోసివేయవచ్చును. 74వ సెక్షను ముందే వ్రాసికొన్న నష్టపరిహారమునకు దారి చూపును. పెద్ద కంట్రాక్టరు గడువును చిన్నవానిపై ద్రోయును, చిన్నవాడు మేస్త్రిపై ద్రోయును. మేస్త్రి చేతికి వచ్చునప్పటికి తేదీ గంటలుగ మాఱియుండును. ఎవరు వేళలు పెంచిరని యడిగిన ఎవరును కారు. నల్లమల జ్వరములకు పేరుపడినది; జ్వరముచే గుంపులో సగము మంది పడియున్నను గడువు మాఱదు. మిగిలినవారి ప్రొద్దు పొడుగగును.

భారతదేశపు రైలునిర్మాణ చరిత్రను పరిశోధించిన ఇయాన్ కెర్ 1995లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి గుంపుల కట్టుబాటును శ్రద్ధతో చర్చించెను. కుటుంబములతో కూడి తిరుగుచు, తమ పనిపద్ధతిని తామే నిలుపుకొన్న త్రవ్వకపువారు ఇంజనీర్లను తమ దారికి తెచ్చుకొన్న సందర్భములు కలవని అందువలన తెలియును. 1859 జనవరిలో బొంబాయి ప్రాంతపు భోర్ ఘాట్ పనిలో కూలిని గూర్చిన కలహము అల్లరిగ పరిణమించెను. దానికి మూడేండ్లు ముందు, 1856 ఏప్రిలులో, ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగర రాతిపనివారు ఉలి సమ్మెటలు క్రిందపెట్టి ఎనిమిది గంటల దినమును సాధించిరి. రాయి ఒకటే, ఉలి ఒకటే. అచ్చటివారు దినమును గంటలతో కొలిచి, దానికి హద్దు కట్టిరి. మనవారు గంటను అంగీకరింపకయే హద్దు నిలుపజూచిరి. ఏది మేలైన మార్గమన్న ప్రశ్న తేలికైనది కాదు. గంటను అంగీకరించినవారికి చట్టము తోడు వచ్చినది. అంగీకరింపనివారి జోలికి చట్టము రాలేదు.

ఇరువదవ శతాబ్దారంభమున మఱియొక కట్టు పడినది. నేరస్థ జాతుల చట్టమును 1911లో సవరించి మద్రాసు రాజధానికి విస్తరింపగా, వడ్డెలలో కొన్ని తెగలును దాని పాలబడెను. పేరు నమోదైనవారు నియమిత వేళలలో హాజరు చెప్పవలెను, అనుమతి లేక ఊరు దాటరాదు. కర్నూలు జిల్లాలోని సిద్ధాపురము వంటి చోట్ల సెటిల్‌మెంట్లు వెలసెను. సంచారమే ఆయుధముగ గల గుత్తపనివానికి సంచారము నేరమయ్యెను. గుడిసె యెత్తుకొని పోవు పెద్ద యిక యజమానితో ఏ ధైర్యమున బేరమాడును? స్వాతంత్ర్యానంతరము ఈ చట్టము తొలగెను. దేశవ్యాప్తముగ 1952లో రద్దయ్యెను. కాని రెండు తరముల అలవాటు చట్టముతోపాటే పోదు.

మార్కాపురము పలకలను గూర్చి చెప్పక ఈ ప్రసంగము పూర్తి కాదు. ఆంధ్రదేశమున కొన్ని తరములవారు అక్షరములు దిద్దినది ఈ ఊరి రాతిపైననే. గనిలో రాయి నెత్తి, ఉలితో పొరలు చీల్చి, కొలతకు కోసి, నునుపు చేసి, కొయ్యచట్రము బిగించువఱకు అనేకుల చేతులు మాఱును. లెక్క ప్రధానముగ పలకల సంఖ్యపైనే. బడులు తెఱచునది జూనులో. వర్తకుని సరకు అంతకు మునుపే కావలెను. మార్కాపురపు ఎండను ఎఱిగినవారికి ఆ మాసములలో రాతిగుంటలో పని యననేమో చెప్పనక్కఱలేదు. బడిపిల్లల కొఱకు చేయు పలకల పనిలో బడికి పోని పిల్లలు కూర్చుండుట ఈ పరిశ్రమకు పట్టిన పెద్ద మచ్చ. 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానము ననుసరించి 1988లో తొలివిడతగ ఎన్నికైన చోట్లలో మార్కాపురమును చేర్చుటకు కారణమిదియే.

ఇట గుత్తకు రెండవ ముఖము కన్పడును; దానిని దాచుట సరికాదు. సంఖ్యకు వెల కట్టినప్పుడు వేళను యజమాని పొడిగింపనక్కఱలేదు. వెల తక్కువైనచో ఇంటివారే ఒకరినొకరు పొడిగించుకొందురు. తల్లి దీపము పెట్టుకొని కూర్చుండును, బిడ్డ చట్రము పట్టుకొనును. 1871 నివేదిక మెచ్చికోలుగ వర్ణించిన కుటుంబశ్రమ యిదియే కదా! చెట్టుకొమ్మ ఉయ్యెలలోని బిడ్డ నాలుగేండ్లకు తట్ట యెత్తును. తన ప్రొద్దుపై తనకు హక్కు అనునది గుంపు పెద్దకు సత్యము. అతని భార్యకు ఎంత సత్యమో ఏ నివేదికయు అడుగలేదు. మన్ను త్రవ్వుట ముగిసిన పిదప నీళ్ళు తెచ్చి సంగటి వండునది ఆమెయే.

చట్టముల మాట క్లుప్తముగ చెప్పెదను. 1919 నాటి అంతర్జాతీయ కార్మిక సభ ఎనిమిది గంటల దినమును, నలువదియెనిమిది గంటల వారమును ప్రతిపాదించి, భారతదేశమునకు మాత్రము అఱువది గంటల వారమును ప్రత్యేకించెను. 1922 నాటి ఫ్యాక్టరీల సవరణయు, 1923 నాటి గనుల చట్టమును భూమిపై పనికి ఆ యఱువదినే హద్దుగ పెట్టెను. 1952 నాటి గనుల చట్టము దానిని నలువదియెనిమిదికి దించినది. ఐతే ఆ చట్టపు మూడవ సెక్షను చదువదగినది. మట్టి, కంకర, కట్టడపు రాయి మొదలగువానితోపాటు పలకరాయి పేరును అందు చేరినది. గుంట ఆఱు మీటర్లకు లోతు మించక, ఏబదిమందికి మించి పనిచేయక, ప్రేలుడు మందు వాడక యున్నచో చట్టములోని అధికభాగము ఆ గుంటకు వర్తింపకుండెను. చిన్న గుంటలలో చిన్న గుంపులతో నడచు పరిశ్రమకు ఇంతకంటె వెడల్పైన వాకిలి యేమి కావలెను? 1970 నాటి కంట్రాక్టు కార్మికుల చట్టము ఇరువదిమందికి తక్కువైన గుంపును వదలెను. 1948 నాటి కనీసవేతనముల చట్టమొక్కటి మాత్రము కొంత సూక్ష్మముగ ఆలోచించెను. సంఖ్యపై పనిచేయువానికిని, కాలమునకు నిర్ణయించిన కనీసపు వెల దక్కితీరవలెనని దాని పదునేడవ సెక్షను చెప్పెను. కొలతకును గడియకును చట్టము వేసిన మొదటి వంతెన ఇది. కాగితముపై వేసిన వంతెన యని అనుభవజ్ఞు లందురు.

ఆ వంతెననే 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము వెడల్పు చేసెను. ప్రకాశము జిల్లాకు అది 2007లో, రెండవ విడతలో, వచ్చెను. సామాన్యుడు ఏడు గంటలు పనిచేసినచో కనీసపు కూలి గిట్టునట్లుగ మట్టిధరలు నిర్ణయింపవలెనని తొలినాటి నియమము. పూర్వము ధర ముందు, ప్రొద్దు తరువాత. ఇట ప్రొద్దు ముందు, ధర తరువాత. గట్టినేలలో ఆడువారు ఎంత త్రవ్వగలరు, ఎండలో ఎంత త్రవ్వగలరు అని ఆంధ్రప్రదేశమున పని–కాల పరిశీలనలు జరిపి ధరలు సవరించిరి. కంభము చెఱువును కట్టినవారికి ఎవరును వేయని ప్రశ్న, పలకరాతి నేలలో పార దిగక చేతులు బొబ్బలెక్కినవారి విషయమున కొలబద్దతో సహా వేయబడెను. ఐనను ఆ పనులలో సయితము గుంటల నడుమ మట్టిదిమ్మలను విడుచుట మానలేదు. మేటు చేతిలో మస్టరు ఉన్నను, కొలతకు వచ్చిన ఉద్యోగి ముందుగ చూచునది ఆ దిమ్మనే.